ప్రజాధనంతో కొన్న పరిశోధన పత్రికలు ప్రైవేటు కళాశాలలకూ అందాలా?

మిర్యాలగూడ అధ్యాపకురాలు:
నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతిని ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. దాని మీద మా ప్రైవేటు డిగ్రీ కళాశాల పిల్లలచేత ప్రాజెక్టు చేయిద్దామంటే సారాంశాలు తప్ప పూర్తి వ్యాసాలు తెరుచుకోవు. ధర చూస్తే డాలర్లలో ఉంటుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం, పరిశోధన పత్రికల చందా కేంద్రమే కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు! అన్నీ ప్రభుత్వ సంస్థలకే. మా పిల్లల తల్లిదండ్రులు పన్నులు కట్టడం లేదా?

గ్రంథాలయ ఉద్యోగి, నల్గొండ:
మేడమ్, మీ బాధ న్యాయమైనదే, కానీ డిమాండుతో ఏకీభవించను. ఫీజులు తీసుకునే యాజమాన్యం చందా ఎందుకు కట్టదు? చదివేవారి సంఖ్య పెరిగితే ప్రచురణకర్తలు ధర పెంచమంటారు, ఆ భారం మళ్లీ ప్రజల మీదే. ఈలోగా గూగుల్ స్కాలర్‌లో ఫలితం కింద అదే వ్యాసపు ఇతర ప్రతుల లింకు ఉంటుంది, అది నొక్కండి. రచయిత తన విశ్వవిద్యాలయం సైట్లో ఉంచిన ఉచిత ప్రతి చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ వెబ్‌సైటు ఉండనే ఉంది.

పాలమూరు పరిశోధక విద్యార్థి:
సార్, మాకు విశ్వవిద్యాలయం లాగిన్ ఉంది కాబట్టి ఇంటి నుంచే చదువుకుంటున్నాం. నేను డిగ్రీ చదివింది ప్రైవేటు కళాశాలలోనే. అక్కడ పత్రిక అంటే దినపత్రికే. యాజమాన్యం చందా కట్టదు, శిక్ష పడేది విద్యార్థికి. దారి మూసేస్తే, చందా వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైటు వైపు వెళ్తారు. దాన్ని నిరోధించమని 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది కూడా.

మిర్యాలగూడ అధ్యాపకురాలు:
ఉచిత ప్రతులు వెతుకుతూనే ఉన్నాం సార్. రచయితలకు ఈమెయిల్ రాస్తే కొందరు పంపుతారు, కానీ జవాబు వచ్చేసరికి సెమిస్టరు అయిపోతుంది. పాత వ్యాసాల రచయితల చిరునామాలే పనిచేయవు. ఇంటింటికీ లాగిన్ ఇవ్వమని నేను అడగడం లేదు. అనుబంధ కళాశాలల పరీక్షలు నిర్వహించేది, పట్టాలిచ్చేది విశ్వవిద్యాలయమే కదా. ఆ విద్యార్థులు గుర్తింపు కార్డు చూపించి, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని కంప్యూటర్ ముందు కూర్చుని చదువుకునే వీలు కల్పించాలి. ప్రచురణకర్తలతో తదుపరి ఒప్పందంలో ఆ షరతు రాయించాలి. మా వాళ్లు బస్సెక్కి వస్తారు.