పాత రాక్ బ్యాండ్లు కొత్త ఆల్బమ్ లేకుండానే ఏళ్ళ తరబడి టూర్లు ఎందుకు చేస్తుంటాయి?

గిటార్_గుంటూరు:

2025 మేలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో గన్స్ ఎన్ రోజెస్ షోకి వెళ్ళొచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ రాక్ బాగా వినేవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నా. షో అదిరింది, అందులో డౌటే లేదు. గిటారిస్టు స్లాష్ సోలో మొదలెట్టగానే నా పక్కనున్న పెద్దాయన కళ్ళు తుడుచుకోవడం చూశాను.

కానీ ఒకసారి లెక్క చూడండి. మొదటి ఆల్బమ్ 1987లో. యూజ్ యువర్ ఇల్యూజన్ రెండు భాగాలూ 1991లో. 1993లో వచ్చింది వేరేవాళ్ళ పాటల ఆల్బమ్. 2008లో చైనీస్ డెమోక్రసీ వచ్చేనాటికి స్లాష్ లేడు, బేసిస్టు డఫ్ లేడు. వాళ్ళిద్దరూ 2016లో తిరిగొచ్చారు, అప్పటి నుంచి ప్రపంచమంతా తిరుగుతున్నారు గానీ కలిసి ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా చెయ్యలేదు. 2021లో, 2023లో వదిలిన పాటలు కూడా చైనీస్ డెమోక్రసీ రోజుల్లో మూలన పడినవే, దుమ్ము దులిపి మళ్ళీ వాయించారు. అంటే సింగర్ యాక్సిల్ రోజ్, స్లాష్, డఫ్ ముగ్గురూ సొంత పాటలతో కలిసి చేసిన ఆల్బమ్ 1991 తర్వాత ఇంకోటి లేదు!

క్వీన్ కూడా అంతే, 2012 నుంచి సింగర్ ఆడమ్ లాంబర్ట్‌తో స్టేడియాలు నింపుతూ వచ్చారు, అతనితో కొత్త స్టూడియో ఆల్బమ్ మాత్రం లేదు. ఇదంతా డబ్బు కోసమేనా, లేక రాయడం నిజంగానే ఆగిపోయిందా? ఇష్టమైనవాళ్ళు కాబట్టే అడుగుతున్నా, తిట్టడానికి కాదు.

పాత_క్యాసెట్:

డబ్బే బ్రదర్, కాకపోతే అది అత్యాశ అని మాత్రం నేను అనను. మన చిన్నప్పుడు ఆల్బమ్ అమ్ముకోవడానికి టూర్ చేసేవాళ్ళు. టూర్‌లో నష్టమొచ్చినా రికార్డు కంపెనీలే కొంత సర్దేవి, ఎందుకంటే డిస్కు మీద వాళ్ళకు బోలెడు లాభం. 1999 తర్వాత డిస్కుల అమ్మకాలు పడిపోవడం మొదలైంది, ముందు ఫైల్ షేరింగ్, తర్వాత స్ట్రీమింగ్. ఇప్పుడు ఒక పాటను ఒకసారి వింటే వచ్చేది సెంటులో ఏ మూడో వంతో, సగమో, అది కూడా కంపెనీ, రచయిత, బ్యాండ్ పంచుకోవాలి. అదే స్టేడియం షో అయితే ఖర్చులు పోను మిగిలినదాంట్లో పెద్ద బ్యాండ్లకు 85 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే దక్కుతుంది. మీరు చెప్పిన గన్స్ ఎన్ రోజెస్‌నే తీసుకోండి, 2016 నుంచి 2019 దాకా చేసిన ఆ ఒక్క టూర్ వసూళ్ళు 58 కోట్ల డాలర్లు దాటాయి. మరోపక్క చైనీస్ డెమోక్రసీకి ఏళ్ళకేళ్ళు పట్టి, కోటి డాలర్లకు పైగా ఖర్చయిందని పత్రికలన్నీ రాశాయి. ఆ అనుభవం ఉన్న మనిషి మళ్ళీ స్టూడియోలో తలుపేసుకుని కూర్చోవాలని ఎందుకు అనుకుంటాడు?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అమెరికాలో ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే డబ్బు వచ్చేది రాసినవాళ్ళ వైపుకే, వాయించినవాళ్ళకు రాదు. పాటల కింద పేరు లేని డ్రమ్మరూ, బేసిస్టూ ఎంత పెద్ద హిట్‌లో వాయించినా వాళ్ళ బతుకు టూర్ మీదే. బ్యాండ్‌తో పాటు సౌండు, లైట్లు, ట్రక్కులు అంటూ కొన్ని పదుల కుటుంబాలుంటాయి. బ్యాండ్ ఇంట్లో కూర్చుంటే వాళ్ళందరికీ పని ఉండదు.

రాక్ సింగర్ డేవిడ్ బోయీ 2002లోనే న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పాడు, సంగీతం ఇక కుళాయి నీళ్ళలా, కరెంటులా అయిపోతుందని, టూర్లకు సిద్ధంగా ఉండండని. అచ్చం అలాగే జరిగింది.

డాలస్_డ్రమ్మర్:

మా జనం తప్పు కూడా ఉందండీ ఇందులో. ఇక్కడ డాలస్‌లో ఏ పెద్ద షోకి వెళ్ళినా ఒకటే సీన్, "ఇది మా కొత్త పాట" అనగానే సగం వరుసలు బీరుకో, బాత్రూమ్‌కో లేస్తాయి. వందల డాలర్లు పెట్టి టికెట్ కొన్నవాడికి కాలేజీ రోజుల్లో విన్న పాటే కావాలి. స్టేజీ మీద నుంచి అది కనిపించదా వాళ్ళకి?

ఐరన్ మెయిడెన్ 2006లో కొత్త ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా పూర్తిగా వాయించింది. అభిమానులు చాలాచోట్ల గొణిగారు, పాతవి వాయించమని అరిచారు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చేసరికి కొత్తవి తగ్గించి పాతవి పెంచారు. ఆ షో చూసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు, హైదరాబాద్ నుంచి రైళ్ళలో, బస్సుల్లో వెళ్ళిన బ్యాచి. ఆ రోజు మనం ఏ పాటలకు గొంతు చించుకున్నామో గుర్తు తెచ్చుకోండి.

వైజాగ్_బేస్:

డబ్బు గురించి పాత_క్యాసెట్ అన్న చెప్పింది నిజమే, కానీ అది సగమే. నేను కాలేజీ నుంచీ బ్యాండ్లలో వాయిస్తున్నా కాబట్టి ఒక మాట చెప్తా. పాత పాట వాయించడానికి నలుగురూ మాట్లాడుకోవాల్సిన పని లేదు. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో చేతులకే తెలుసు. కొత్త పాట చెయ్యాలంటే మాత్రం ఒకే గదిలో నెలల తరబడి కూర్చోవాలి, ఒకడు తెచ్చిన ట్యూన్ బాగాలేదని ఇంకొకడు మొహం మీద చెప్పగలగాలి, చెప్పాక కూడా మర్నాడు ఇద్దరూ రావాలి. ఇరవై ఏళ్ళప్పుడు ఆ గొడవల్లోంచే మంచి పాటలొచ్చాయి. అరవై దాటాక, మధ్యలో కోర్టు కేసులూ విడాకులూ అయ్యాక, విడివిడి విమానాల్లో తిరిగి స్టేజీ మీద మాత్రమే కలవడం చాలా సులువు.

ఫ్లీట్‌వుడ్ మాక్ సంగతి చూడండి. చివరి స్టూడియో ఆల్బమ్ 2003లో. 2014లో పాత సభ్యురాలు క్రిస్టీన్ మెక్‌వీ తిరిగొచ్చింది, కొత్త పాటలు రికార్డు చేయడం కూడా మొదలెట్టారు, సింగర్ స్టీవీ నిక్స్ మాత్రం ఆ పనిలో కలవలేదు. చివరికి ఆ పాటలు 2017లో గిటారిస్టు బకింగ్‌హామ్, క్రిస్టీన్ ఇద్దరి పేర్ల మీదే బయటికొచ్చాయి, బ్యాండ్‌లో మిగతా ఇద్దరు అందులో వాయించినా సరే! మరుసటి ఏడాది బకింగ్‌హామ్‌నే తీసేసి, ఇంకో ఇద్దర్ని పెట్టుకుని టూర్‌కి వెళ్ళిపోయారు. తేడా ఇక్కడే ఉంది. టూర్‌లో మనిషిని మార్చినా షో నడుస్తుంది. 2016లో బ్రయాన్ జాన్సన్‌కి వినికిడి సమస్య వస్తే ఏసీ డీసీలో పాడింది ఎవరు, మన యాక్సిల్ రోజే కదా. గ్లెన్ ఫ్రై పోయాక ఈగల్స్‌లో ఆయన కొడుకు పాడాడు. కానీ ఆయన బదులు కూర్చుని కొత్త ఈగల్స్ పాట ఎవరు రాస్తారు?

అందుకే రోలింగ్ స్టోన్స్ అంటే నాకు గౌరవం. సొంత పాటల ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య 2005 నుంచి 2023 దాకా 18 ఏళ్ళు గడిచాయి, డ్రమ్మర్ చార్లీ వాట్స్ కూడా పోయాడు. అప్పుడు సింగర్ మిక్ జాగర్ గడువు పెట్టాడు, 2023 వాలెంటైన్స్ డేకల్లా రికార్డింగ్ అయిపోవాలని. అయ్యింది కూడా. ఎనభైకి దగ్గరపడ్డ మనుషులకు చేతనైంది అంటే మిగతావాళ్ళలో లోపించింది టాలెంట్ కాదు, పట్టుబట్టే మనిషి.

తంబూరా_ఫజ్:

నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ రాక్ వినే మనిషిని, అందుకని నాకు ఈ ప్రశ్నే కొంచెం వింతగా అనిపించింది. కచేరీకి వెళ్ళినప్పుడు "ఈయన కొత్త కీర్తన ఎందుకు కట్టలేదు" అని ఎవరూ అడగరు. రెండు వందల ఏళ్ళనాటి త్యాగరాజ కృతే పాడతారు, హాలు నిండుతుంది. మంచి పాటను మళ్ళీ మళ్ళీ పాడటం తప్పెలా అవుతుంది?

వైజాగ్_బేస్:

తంబూరా గారూ, ఒక్క తేడా ఉందండి. కచేరీలో కృతి పాతదే, కానీ ఆలాపన, నెరవు, స్వరకల్పన ఆ సాయంత్రం అక్కడే పుడతాయి. నిన్న పాడినట్టు ఇవాళ పాడితే మీరే ఒప్పుకోరు. చాలా స్టేడియం షోలలో అలా కాదు, వెనక వీడియో, లైట్లు, బాంబులు అన్నీ పాటకు కట్టేసి ఉంటాయి, సోలోను కాస్త ఎక్కువ వాయించినా అవన్నీ తప్పిపోతాయి. ఊరు మారినా షో మాత్రం అదే.

తంబూరా_ఫజ్:

ఒప్పుకుంటాను, అది గట్టి తేడానే. అయితే రాక్‌లో కూడా మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించే గుణం ఉన్నవాళ్ళున్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ చివరి స్టూడియో ఆల్బమ్ 1989లో వచ్చింది, 1995లో వాళ్ళ గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయేదాకా టూర్లు ఆపలేదు. ఏ రెండు రాత్రులూ ఒకే పాటల వరుస ఉండేది కాదు. ఆ ఆరేళ్ళలో కొత్త పాటలు రాశారు కూడా, నేరుగా స్టేజీ మీదే మొదలెట్టారు, స్టూడియో ఆల్బమ్‌కే ఎక్కలేదు. రికార్డు చేసుకోమని అభిమానులకు మైకులు పెట్టుకునే చోటు కూడా ఇచ్చేవాళ్ళు. ఇలాంటి బ్యాండ్‌ను ఆల్బమ్ ఏదని నేనైతే అడగను. ప్రతి రాత్రీ ఏదో కొత్తగా పుడుతోందా లేదా, అదే చూస్తాను.

గిటార్_గుంటూరు:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా వైజాగ్ అన్నకి. కొత్త మనిషిని పెట్టుకుని టూర్ చెయ్యొచ్చు గానీ పాట రాయలేరు అన్న మాట నాకు బాగా తగిలింది. డబ్బు కోసం తిరగడం తప్పు కాదని నాకూ ఇప్పుడు అనిపిస్తోంది. నా బాధల్లా వేరు. స్లాష్ సొంతంగా ఆల్బమ్‌లు చేస్తూనే ఉన్నాడు, డఫ్ కూడా చేస్తున్నాడు, అంటే పాటలు ఎండిపోలేదు. ఆ ముగ్గురూ ఒక గదిలో కూర్చోవడమే జరగడం లేదు. స్టోన్స్‌లో జాగర్ పెట్టినట్టు ఇక్కడ ఎవరైనా గడువు పెడితే బాగుండు. వాళ్ళకీ అరవై దాటాయి.

డాలస్_డ్రమ్మర్:

అన్నట్టు, పాతవాళ్ళు రాయలేరు అనుకునేవాళ్ళెవరైనా ఉంటే డీప్ పర్పుల్ 2024 ఆల్బమ్ వినండి. ఇయాన్ గిల్లన్, ఇయాన్ పేస్, రోజర్ గ్లోవర్, 1972లో కలిసి వాయించిన ముగ్గురూ ఇంకా అందులో ఉన్నారు. పేస్ డ్రమ్స్ వింటే వయసు గురించి మాట్లాడబుద్ధి కాదు. వాళ్ళ టూర్‌కి వెళ్తే దయచేసి కొత్త పాట మొదలైనప్పుడు సీట్లోనే ఉండండి.