ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగిపోయే గుండెదడ: "రెండు దారులు" అంటే ఏమిటి?

చిత్తూరు వాసి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 32 ఏళ్లు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు అందరికీ లాగే అతనికీ గుండె వేగం మెల్లగా పెరిగి, కూర్చుంటే మెల్లగా తగ్గుతుంది. అయితే గత నెల అన్నం తింటుండగా ఒక్కసారిగా దడ పట్టుకుని, ఆక్సీమీటరులో నాడి 180 దాటింది. కాసేపటికి మీట నొక్కినట్టు ఆగిపోయింది. తిరుపతిలో చూపిస్తే, ఈసీజీ మామూలుగానే ఉన్నా గుండెలో రెండు దారులు ఉండవచ్చని డాక్టరు గారు అన్నారు. దారి ఎక్కువైతే వేగం ఎందుకు పెరగాలి? అది ఈసీజీలో ఎందుకు కనిపించలేదు?

ఫిజియాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి:
మీరు గమనించిన తేడాయే ఇక్కడ అసలు ఆధారం. మెట్లు ఎక్కేటప్పుడు, సంకేతం పుట్టే సిరాకర్ణికా కణుపే ఎడ్రినలిన్ ప్రభావంతో జోరు పెంచుతుంది కనుక వేగం క్రమంగా మారుతుంది. అక్కడ పుట్టిన సంకేతం కర్ణికల (గుండె పై గదుల) మీదుగా కర్ణికా జఠరికా కణుపును చేరి, సుమారు 0.1 సెకను ఆలస్యమై, హిస్ కట్ట, పుర్కింజే తంతువులు అనే వాహక తీగల ద్వారా జఠరికలకు (కింది గదులకు) దిగుతుంది. ఆ ఆలస్యంలో జఠరికలు నిండడం పూర్తవుతుంది.

కొందరిలో ఈ రెండో కణుపు దగ్గర రెండు దారులుంటాయి. ఒకదానిలో సంకేతం త్వరగా పోతుంది కానీ ఆ దారి మళ్లీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది; రెండోది నెమ్మదిగా నడిపించినా త్వరగా కోలుకుంటుంది. ముందుగా వచ్చిన ఒక అదనపు స్పందనకు వేగపు దారి ఇంకా మూసి ఉంటే, అది నెమ్మది దారిన దిగి, ఆలోగా తెరుచుకున్న వేగపు దారిన పైకి తిరిగి వస్తుంది. తిరుమలకు ఒక ఘాట్ రోడ్డున ఎక్కి మరో ఘాట్ రోడ్డున దిగే బండి ఆగకుండా తిరుగుతున్నట్టు ఊహించుకోండి; ప్రతి చుట్టుకూ జఠరికలకు ఒక ఆజ్ఞ అందుతుంది. చక్రం ఒకచోట తెగితే మొత్తం ఆగుతుంది కనుకనే ఆ "మీట" అనుభవం. దడ లేనప్పుడు సంకేతం వేగపు దారినే పోతుంది కాబట్టి ఈసీజీలో ఏమీ కనిపించదు.

ఈసీజీ టెక్నీషియన్:
పై వివరణకు ఒక చేర్పు. రెండో దారి కణుపును దాటి, కర్ణిక నుంచి జఠరికకు నేరుగా పోయే కండర తంతువైతే, దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో కూడా చాలాసార్లు దాని జాడ కనిపిస్తుంది. 1930లో ఉల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే వైద్యులు వర్ణించినది ఇదే. అయితే ఆ తంతువు కింది నుంచి పైకి మాత్రమే నడిపిస్తే అదీ దాగే ఉంటుంది. అందుకే మళ్లీ దడ వచ్చినప్పుడు తగ్గేదాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి, దడ ఉండగా తీసిన ఈసీజీ పట్టీయే చాలా విషయాలు తేలుస్తుంది. అక్కడ ఇచ్చే ఎడినోసిన్ అనే మందు కొన్ని సెకన్లే పనిచేసినా, కణుపును ఆ క్షణం అడ్డుకుని ఈ రకం చక్రాన్ని తెంచుతుంది. చక్రం కర్ణికలోనే తిరుగుతుంటే మాత్రం దడ సాధారణంగా ఆగదు, జఠరికల వేగం కాసేపు తగ్గి అసలు లయ బయటపడుతుంది. నాకైతే మందు పనిచేయలేదనిపించిన పట్టీలే ఎక్కువ సమాచారం ఇచ్చాయి.

విద్యార్థిని, తిరుపతి:
నిజమే. ప్రతి దడా చక్రం వల్లనే వస్తుందనుకోకూడదు. పొటాషియం తగ్గినా, కొన్ని మందులు జఠరికల కోలుకునే సమయాన్ని పొడిగించినా, స్పందన పూర్తికాకముందే కణంలో మళ్లీ విద్యుత్తు లేచి ప్రమాదకరమైన లయ మొదలుకావచ్చు. మీ తమ్ముడు వాడే మందుల జాబితా డాక్టరు గారికి చూపించారా?

చిత్తూరు వాసి:
చూపించలేదండీ, ఈసారి తీసుకెళ్తాం. అలిపిరి నుంచి నడిచి వెళ్లవచ్చా?

ఈసీజీ టెక్నీషియన్:
శ్రమతో అదనపు స్పందనలు పెరగవచ్చు కాబట్టి, గుండె డాక్టరు గారు అనుమతించే వరకు ఆగమంటాను. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం పెరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.