మీఁగడపెరుగుతో ‘మేళవించిన’ అన్నచోట వకారమా, గకారమా?

నల్లగొండ:
చాక్లెట్ స్టౌట్ (నల్ల బీరు) కేకు చేసే పద్ధతి తెలుగుల రాస్తున్న. పిండి వరకు ‘కలపాలె’తోని నడిచింది. పైన పూసే క్రీమ్ చీజ్ కాడికి వచ్చేసరికి ఆ మాట సాలుతలేదు. చిలికిన క్రీమును చీజ్‌ల వేసి, లోపలి గాలి పోకుండ, గరిటె అంచుతోని అడుగునుంచి పైకి మలుపుకుంట కలపాలె గదా. పోతన భాగవతంల కృష్ణుడు గొల్లపిల్లలతోని చద్దన్నం తినే పద్యం, చల్దుల సీసంల దీనికి సరిపోయే మాటొకటి ఉన్నది: ‘మీఁగడపెరుగుతో … చల్దిముద్ద’. నడుమ ‘మెదిపిన’నా, ‘మేళగించిన’నా?

సూర్యాపేట:
‘మెదిపిన’ పట్టదు. సీసపాదం మొదట్ల ఇంద్రగణాలే (గురులఘువుల కొలతలల్ల ఒక రకం) రావాలె. మీఁగడ భగణం, పెరుగుతో నగం. మూడోది మెదిపిన అని నలం పెడితే నాలుగో గణానికి ‘చల్ది’ ఒక్కటే మిగులుతది. అది హగణం, ఇంద్రగణం కాదు. ‘మేళవిం’ రగణం, ‘చినచల్ది’ సలం. యతి (మొదటి, మూడో గణాల తొలి అక్షరాల పొత్తు) మీ–మే. నా కాడున్న ప్రతిల మేళవించినే.

వనపర్తి:
అన్నా, ఛందస్సు మెదిపినను కొట్టేసింది గాని వ–గ తగాదా తీర్చలేదు. ‘మేళగించిన’ అన్నా అవే గణాలు, అదే యతి. నా చెవికైతే గకారమే పద్యంల గట్టిగ నిలుస్తది.

సూర్యాపేట:
చెవి సాక్ష్యం సరిపోదు. పాఠం పాఠమే.

మిర్యాలగూడ:
అక్షరం తర్వాత, ముందు అర్థం చూడుర్రి. శ్రుతి మేళవించుడు అంటం. తీగ దేనికది ఉంటది, నాదం ఒక్కటైతది. క్రీమ్ చీజ్ పూతకు కావల్సింది అదే. 60 గ్రాముల వెన్న, జల్లెడ పట్టిన 120 గ్రాముల ఐసింగ్ చక్కెర ముందుగాల గిలకొట్టాలె. తర్వాతనే 225 గ్రాముల క్రీమ్ చీజ్. చక్కెరను ఒంటరిగ చీజ్‌ల పోస్తే అది చీజ్‌లున్న నీళ్ళు గుంజి పూత పలచనైతది. చీజ్ వేసినంక ఎక్కువసేపు గిలకొట్టినా అంతే, మళ్ళ గట్టిపడదు. ఆఖర్న 100 మి.లీ. క్రీము విడిగ చిలికి, రెండుసార్లుగ మేళవించాలె. పిండికి మాత్రం ఈ మాట వాడొద్దు. అక్కడ అన్నీ కరిగి ఒక్కటి కావాలె.

దేవరకొండ:
అక్క చెప్పిన కొలతలు సరే, సంగీతం మాత్రం ఆ పద్యంల లేదు. తర్వాతి ముక్క చదువుర్రి: ‘డాపలిచేత మొనయ నునిచి’. ముద్ద ఎడమచేతిల నిలవాలె, వేళ్ళ సందుల ఊరగాయలు ఇరికించాలె. జారే ముద్దతోని అది అయ్యే పని కాదు. అందుకే మీగడ ఎక్కువుండె, చెయ్యి గట్టిగనే మెదిపింది. మేళవించుడంటే ఇక్కడ పూర్తిగ ఒక్కటి చేసుడే. పద్యం చివర్న అమరులు (దేవతలు) వెరగందింది ఆ ఎంగిలి చేతిని చూసే గదా. యాగభోక్త కృష్ణుణ్ణి పిల్లలనడుమ కూసోబెట్టి ఒక్క సీసంల ఇంత తిండి పెట్టిన కవి ఇంకెవరున్నరు!

వనపర్తి:
పోతన ఊరు బమ్మెర మనకు దగ్గరనే, అందుకే ఆ ముద్ద మన ముద్దలెక్కనే ఉంటది. కావ్యాలల్ల తిండి మాటలు ఏరి జనం బతుకు చూసుడు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి వారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ల చేసి చూపెట్టిన్రు. మన పాలమూరు పద్ధతే అది.

నాగర్‌కర్నూల్:
పద్యం పక్కన క్రీమ్ చీజ్‌కు పేరు కూడ తేల్చుర్రి. ‘మీగడ జున్ను’ అని రాస్తున్నరు, అది తప్పు దారి. జున్ను ముర్రుపాలది, వేడికి గట్టిపడుతది. క్రీమ్ చీజ్ పాలు, మీగడ కలిపి పులియబెట్టి, నీళ్ళు తీసేసింది. పుట్టుక పెరుగుదే. పోతన ‘మీఁగడపెరుగు’నే దానికి పేరుగ పెట్టొచ్చు. చీజ్ దొరకనికాడ మీగడతోటి గడ్డపెరుగు పల్చటి గుడ్డల కట్టి, ఫ్రిజ్‌ల రాత్రంత వేలాడదీస్తే పూతకు పనికొస్తది. ఐతే పులుపెక్కువ, నీళ్ళు కూడ కొంత మిగులుతయి. క్రీము 100కు బదులు 60 మి.లీ. చాలు.

సూర్యాపేట:
మీఁగడపెరుగు అంటే మీగడ కట్టిన పెరుగు. మీగడ, పెరుగు రెండు అని ద్వంద్వ సమాసం చేయొద్దు.

నాగర్‌కర్నూల్:
రెండైతేనే ‘మేళవించు’కు పని ఉంటది సార్.

నల్లగొండ:
స్టౌట్‌కు బదులు కల్లు పోయొచ్చునా అని ఇక్కడ అడుగుతున్నరు. అది కూడ రాయాలె.

మిర్యాలగూడ:
వద్దు. స్టౌట్ నలుపు, చేదు వేయించిన బార్లీ గింజలవి. కల్లుల ఆ రెండూ లేవు, పులుపే వస్తది. మద్యం వద్దనుకుంటే చిక్కటి కాఫీ డికాక్షన్ నయం. స్టౌట్ 200 మి.లీ. కొలిచేటప్పుడు నురుగు దిగినంకనే కొలవాలె, లేకుంటే తక్కువ పడుతది. 180 గ్రాముల వెన్న వేసి సన్నటి సెగ మీద కరగనియ్యాలె, మరగనియ్యొద్దు. 60 గ్రాముల కోకో, 280 గ్రాముల చక్కెర వేసి గిలకొట్టి, 120 గ్రాముల పెరుగు కలపాలె. పెరుగుతోటి వేడి తగ్గినంకనే రెండు గుడ్లు, లేకుంటే గుడ్డు ఉడికి తరకలైతది. ఆఖర్న 220 గ్రాముల మైదా, ఒకటిన్నర టీస్పూన్ల వంటసోడా, అర టీస్పూను ఉప్పు. 23 సెంటీమీటర్ల గిన్నెల, 175 డిగ్రీల మీద 45 నుంచి 55 నిమిషాలు. సోడా ఎక్కువైతే పొంగి నడుమ కుంగుతది, సబ్బు వాసనొస్తది. మొదటి అరగంట ఓవెన్ తలుపు తెరవొద్దు.

వనపర్తి:
ఇన్ని కొలతలు చెప్పినవు గాని గకారం సంగతి ఎత్తలేదక్కా.

దేవరకొండ:
పాత రాతప్రతి దొరికేదాక ఎత్తినా లాభం లేదు. నల్లగొండ వాళ్ళు ఇంకొకటి రాసుకోవాలె. మన ఎండకాలంల ‘వెన్న మెత్తబడేదాక బయట పెట్టుర్రి’ అంటే నూనె కారుతది. వేలుతోని నొక్కితే గుంట పడేంత మెత్తబడంగనే గిలకొట్టుడు మొదలుపెట్టాలె. కేకు పూర్తిగ సల్లారినంకనే పైభాగం మీద పూయాలె. పక్కలకు అక్కర్లేదు. పూసినంక ఫ్రిజ్‌ల పెట్టాలె, తినే ముందు అరగంట బయట ఉంచితే చాలు.