అడ్రస్ ప్రూఫ్ లేని సెక్స్ వర్కర్‌కు ఆధార్ ఎలా చేయించాలి?

రాజమండ్రిలో సెక్స్ వర్కర్ల మధ్య పనిచేస్తున్నాను. మాలో ఒకావిడకు 42 ఏళ్లు, ఇంతవరకూ ఆధార్ లేదు. అద్దె ఇంటి ఓనరు కాగితం రాసివ్వడు, పుట్టింటివాళ్లు గడప తొక్కనివ్వరు.

సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఆర్డర్ ప్రకారం న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) గెజిటెడ్ అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ సర్టిఫికెట్ ఇస్తే అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా ఆధార్ ఇవ్వాలి. వృత్తి బయటపడేలా ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌లో ఏ కోడూ పెట్టకూడదు.

నెల క్రితం ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. మూడు సెంటర్లు తిరిగాం. రెండు చోట్ల "ఇది మా లిస్టులో లేదు" అన్నారు. మూడో చోట ఆపరేటర్ క్యూలో అందరికీ వినపడేలా "ఎయిడ్స్ వాళ్ల కాగితం తెచ్చారేంటి?" అనేశాడు. ఆవిడ టోకెన్ పిడికిట్లో నలిపేసి, కొంగు మొహం మీదికి లాక్కుని బయటికొచ్చేసింది. ఇక రానంటోంది. ఆవిడనేం అనగలను? ఆర్డర్ కాపీ చూపించాను, హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. 12 రోజులైంది.

మళ్లీ తీసుకెళ్లేది ఒక్కసారే, అప్పుడు పని అయిపోవాలి. ఈ సర్టిఫికెట్‌తో ఆధార్ చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆపరేటర్ దాన్ని ఏ డాక్యుమెంట్ కింద ఎక్కించాడో చెప్పగలరా?