స్టెడీ, స్టేబుల్: రెండూ 'స్థిర'మేనా?

సుడుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ నిన్న ఒకచోట ఆగిపోయాను. స్నిగ్ధత (లోపలి రాపిడి) లేని ఆదర్శ ప్రవాహిలో, రెండు మితుల్లో, అంటే ఒకే తలంలో తిరిగే సుడి గురించి. మూలంలో స్టెడీ, స్టేబుల్ ఒకే వాక్యంలో వచ్చాయి. నిఘంటువు రెండింటికీ 'స్థిర' అంది. అలాగే రాస్తే "ఈ సుడి స్థిరమే గానీ స్థిరం కాదు" అని తేలింది! మీరైతే ఏం రాస్తారు?

— రెండోదానికి 'సుస్థిర' పెట్టేయండి. పేపర్లలో సుస్థిర ప్రభుత్వం అంటున్నారుగా.

— ఒక్క 'సు'తో పని జరగదండీ, చదివేవాళ్ళు దాన్ని పొగడ్త అనుకుంటారు. ముందు విషయం చూద్దాం. 1876లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ చూపిన సుడి దీర్ఘవృత్తంలా ఉంటుంది. లోపలంతా సుడి బలం (అక్కడి ప్రవాహి తన చుట్టూ తాను తిరిగే జోరు) ఒకే తీరు, బయట సున్నా. అది రూపం చెదరకుండా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. దాంతోపాటు మనమూ తిరుగుతూ చూస్తే ఏమీ మారదు. స్టెడీ అంటే అంతే. అంచును కాస్త కదిలిస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి 1893లో లవ్ అనే గణితవేత్త జవాబు చెప్పాడు: పొడవు వెడల్పుకు 3 రెట్లు దాటితే ఆ చిన్న వంకరే పెరిగిపోతుంది, లోపే ఉంటే పెరగదు. ఈ రెండోదానికి మనకు 'నిలకడ' ఉంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటాం కదా!

— నిలకడ అంటే కదలకుండా ఉండటం అనుకోరూ? సుడేమో తిరుగుతూ ఉంటుంది. (మా ఇంట్లో సుడి అంటే అదృష్టం, అది వేరే గొడవ.)

— అనుకోరు. "రోగి పరిస్థితి నిలకడగా ఉంది" అని వార్తల్లో వింటే, లేచి తిరుగుతున్నాడనీ అనుకోం, కదలట్లేదనీ అనుకోం. విషమించట్లేదని అర్థం చేసుకుంటాం. ఇక్కడ కావలసిందీ సరిగ్గా అదే. చాలా పుస్తకాలు నిలకడను 'కదిపితే మళ్ళీ మొదటి చోటికి రావడం' అని వివరిస్తాయి. గిన్నెలో గోలీకి అది సరే, రాపిడి ఉంది కాబట్టి చివరికి అడుగున ఆగుతుంది. ఇక్కడ స్నిగ్ధతే లేదు. లోపలంతా ఒకే బలమున్న గుండ్రటి సుడిని తీసుకోండి. దాని అంచున చిన్న అల లేపితే, 1880లో కెల్విన్ లెక్క కట్టినట్టు, అది అంచు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పెరగదు, చావదు. అయినా ఆ సుడి నిలకడైనదే.

— బాగుంది. స్టెడీకి కొత్త మాట వెతక్కుండా 'రూపం మారని' అనేస్తాను. వాక్యం ఇలా తిరగరాశాను: "బాగా సాగిన సుడి రూపం మారకుండా తిరగగలదు గానీ, దానికి నిలకడ లేదు."

— 'బాగా సాగిన' తీసేసి 'పొడవు వెడల్పుకు 3 రెట్లు దాటిన' అని పెట్టండి. మిగతాదంతా ఓకే.