సెప్టిక్ ట్యాంకు మూడేళ్లకోసారి తోడించాలని పంచాయతీ రూలు పెట్టొచ్చా?

రాజోలు_వాసి:
మా ఊరి గ్రామసభలో ఒక ప్రతిపాదన పెట్టారు. ప్రతి ఇంటి సెప్టిక్ ట్యాంకునూ మూడేళ్లకోసారి తోడించాలి, ఖర్చు ఇంటి పన్నుతో కలిపి కొంచెం కొంచెంగా వసూలు చేయాలి. చాలామంది లేచి వద్దన్నారు. నేను మాత్రం పెట్టాలనే అంటాను.

కోనసీమలో నాలుగైదు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పైగా మన ఇళ్ల దగ్గర చాలావరకు ఉన్నవి సిమెంటు ఒరలు దింపి, అడుగున కాంక్రీటు వేయకుండా మూత పెట్టేసిన గుంతలు. "మాది కట్టినప్పటినుంచీ నిండలేదు" అని సంతోషంగా చెప్పేవాళ్లున్నారు. నిండలేదంటే అదంతా భూమిలోకి దిగిపోతోందన్నమాట. పక్కింటి బోరింగు కొట్టి పిల్లలకు పట్టేది ఆ నీళ్లే కదండీ! సరిగ్గా కట్టిన ట్యాంకునైనా తోడించకుండా వదిలేస్తే మడ్డి పేరుకుపోయి, నీళ్లతోపాటు బయటికొచ్చి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. ఆ తర్వాత వీధి కాలువే గతి.

మహారాష్ట్రలోని వాయి పట్టణంలో 2018 నుంచి వంతులవారీగా మూడేళ్లకోసారి తోడుతున్నారు. అందుకు ఇంటింటికీ పారిశుధ్య పన్ను వేశారు. మనవల్ల ఎందుకు కాదు?

లంకపల్లె_రైతు:
వాయి మున్సిపాలిటీ అండి. తోడింది తీసుకెళ్లి శుద్ధి చేయడానికి వాళ్లకు కేంద్రం ఉంది. మనకేదీ? ఇప్పుడొచ్చే ట్యాంకరు చీకటి పడ్డాక మురుగు కాలువలోనో, ఎవరిదో కొబ్బరి తోటలోనో వదిలేసి పోతోంది. మీ రూలు వస్తే ఇళ్ల కింద ఉన్నదంతా కాలువల్లోకి చేరుతుంది, అదీ మనం పన్ను కట్టి మరీ.

ఇంకో సంగతి. మా వీధిలోకి బండి రాదు. పైపు అంత దూరం అందదు. జరిమానా అంటే భయపడి జనం ఏం చేస్తారు? ఎవరో ఒక కూలీని పిలిచి లోపలికి దింపుతారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఆ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చావులు ఆగలేదు. బండి, శుద్ధి కేంద్రం లేకుండా రూలు పెడితే ఆ పాపం పేదవాడి మెడకే చుట్టుకుంటుంది.

తాపీ_మేస్త్రి:
ఇద్దరూ మూడేళ్ల మీదే పడ్డారు. నలుగురుండే ఇంటికీ, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఇంటికీ ఒకే లెక్కేమిటండి? కర్రకు తెల్లగుడ్డ చుట్టి ట్యాంకు అడుగుదాకా దింపి, కాసేపుంచి తీస్తే మడ్డి ఎంత ఎత్తున ఉందో గుడ్డ మీది మరకే చెబుతుంది. లోతులో మూడో వంతుకు వచ్చిందంటే తోడించాలి. ఏడాదికోసారి చూస్తే చాలు.

కానీ చూడ్డానికి మూత ఏదీ? మొన్న ఒకరింట్లో ట్యాంకు మీద టైల్సు పరిచేశారు. ఎక్కడుందో వాళ్లకే తెలియక గునపంతో మూడు చోట్ల పగలగొట్టాం. గాలి గొట్టం కూడా లేదు. ఇలాంటివి తెరిచాక వెంటనే వంగి చూడొద్దు. అగ్గిపుల్ల గీయడం అసలే వద్దు, లోపల మీథేన్ ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన ఉన్నట్టుండి రావడం మానేస్తే గాలి బాగుపడిందని అనుకోకండి, ఆ వాసన వేసే విషవాయువు (హైడ్రోజన్ సల్ఫైడ్) ఎక్కువైతే ముక్కు పనిచేయదు.

నన్నడిగితే రూలు కట్టేటప్పుడే ఉండాలి. అడుగున కాంక్రీటు, రెండు గదులు, తెరిచే మూత చూశాకే స్లాబు వేయనివ్వాలి.

కొబ్బరితోట_సుజాత:
మా తోటలో పోయించుకుంటే తప్పేంటి? చెట్లకు బలమే కదా.

రాజోలు_వాసి:
సుజాత గారూ, పచ్చిగా పోస్తే అందులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతికే ఉంటాయండి. కాయలు ఏరేవాళ్లు, దింపు కార్మికులు అదే నేల మీద తిరగాలి. శుద్ధి కేంద్రం దూరంగా ఉన్న ఊళ్లలో కందకం తీసి పూడ్చే పద్ధతి ఉంది. కానీ నీళ్లు ఇంత పైన ఉన్న మన నేలకు అది పనికిరాదు.

రైతు గారూ, తోడింది ఎక్కడికి పోవాలో తేలకుండా జరిమానాలు వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. నరసాపురంలో మున్సిపాలిటీకి శుద్ధి కేంద్రం కట్టారు. మనవైపు నుంచి బండి చించినాడ వంతెన మీదుగా వెళ్లాలి. ఒక్క పంచాయతీ అడిగితే పలకరు కానీ నాలుగైదు కలిసి రాస్తే వినొచ్చు. చిన్న సందులకు ట్రాక్టరు వెనక కట్టే చిన్న ట్యాంకరు కొనమని కూడా అడగాలి.

మేస్త్రి గారి కర్ర లెక్క అడుగున్న ట్యాంకులకు బాగుంది. అడుగు లేని ఒరల్లో మడ్డి కొలిచినా లాభం లేదు, మురుగునీరు భూమిలోకి ఇంకుతూనే ఉంటుంది. వాటికి కొలత కాదు, బాగుచేయడమే దారి. ఆ ఖర్చు పేదల మీద వేయకూడదు. ఈ ఏడాదికి ఏ ఇంట్లో ఏ రకం ఉంది, బోరింగుకు ఎంత దూరంలో ఉందో రాయించమని తీర్మానం పెడదాం. పన్ను సంగతి ఆ తర్వాత.

లంకపల్లె_రైతు:
రాయించడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే బోరింగు నీళ్లు కూడా పరీక్ష చేయించాలి, ముఖ్యంగా వరదలు తగ్గాక. మా వీధి నుంచే మొదలుపెట్టండి.