1951 స్టెగొడాన్ స్టాంపు ఆల్బమ్‌కి అతుక్కుంది

ప్రశ్న: మాది విశాఖ, బీచ్ రోడ్డు. జియలాజికల్ సర్వే శతాబ్ది స్టాంపు, స్టెగొడాన్ (అంతరించిపోయిన, ఏనుగులాంటి జంతువు) బొమ్మది, రెండణాలది, వాడనిది. వానాకాలం తేమకి జిగురు పేజీకి పట్టేసింది. నీళ్ళలో వేయొచ్చా?

జవాబు: వద్దండీ! జిగురు కరిగిపోతే విలువ సగానికి సగం పోయినట్టే. స్టాంపు చుట్టూ పేజీ కత్తిరించండి. మూతున్న డబ్బాలో తడి స్పాంజి, పైన జాలీ, దానిమీద ఆ ముక్క. గంటకోసారి పట్టుకారుతో మూల కదపండి. రాకపోతే లాగొద్దు, కాగితం పొర చీలుతుంది. రాత్రంతా వదిలేస్తే బూజు. వచ్చాక జిగురువైపు పైకి పెట్టి ఆరనివ్వండి.

ఇంకొకరు: ఆల్బమ్ నిలబెట్టండి, బరువు పడితేనే అతుక్కునేది. పీవీసీ కవర్లు వద్దు. అన్నట్టు దీన్ని డైనోసార్ల పేజీలో పెట్టారా? స్టెగొడాన్ ఏనుగుల చుట్టం. డైనోసార్ తొలి స్టాంపు 1958 నాటి చైనా లుఫెంగోసారస్.

ప్రశ్న వేసినవారు: స్పాంజికి మామూలు నీళ్ళు చాలా?

జవాబు: చాలు, గట్టిగా పిండేయండి. మూతకింద చుక్కలు పట్టి స్టాంపుమీద రాలతాయి, మధ్యలో తుడవండి.